తెరముందు పసిమనస్సు

గోదావరీతీరమున బాసరలో జ్ఞానసరస్వతీదేవి సన్నిధికి అక్షరాభ్యాసమునకై బిడ్డలను ఎత్తుకొని వచ్చు తల్లిదండ్రులను చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే: పళ్లెములో బియ్యము పోసి, బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఆ లేత చూపుడువ్రేలిని పెద్దవారు తమ చేతితో పట్టి నడిపింపగా, గింజల నడుమ తొలియక్షరము రూపుకట్టును. ఈ సంస్కారమును ఏర్పఱచిన పూర్వులు విద్యను గూర్చి తమకు తెలిసిన సంగతులను పెక్కింటిని ఇందు పొందుపఱచిరి. అక్షరము కంటికి మాత్రమేకాక వ్రేలికొనకు గూడ తగులవలెను. ఆ వ్రేలిని నడపు చేయి బిడ్డ ఎఱిగిన చేయి కావలెను. వ్రాసినది చెదిరిపోయినచో మరల వ్రాయుటకు తొందర లేని సమయము కావలెను. ఆ కొద్దిసేపును పెద్దవారి చూపు బిడ్డమీద తప్ప మఱియొకచోట ఉండరాదు. నేడు ఆ పళ్లెము ముందు కూర్చుండు బిడ్డలలో ఎందఱకో ఆ చూపుడువ్రేలు అప్పటికే మఱియొక విద్యలో ఆరితేరియున్నది. నునుపైన గాజుపలకమీద జరిపినచో బొమ్మ మారుననియు, తట్టినచో పాట మొదలగుననియు, ఎవరును నేర్పకయే అది నేర్చుకొన్నది. బియ్యములోని ఆ వ్రాతకును, గాజుమీది ఈ తాకుడునకును గల భేదమెట్టిది?

ఈ విషయమును సాధారణముగా రెండు విధముల చర్చింతురు. కన్నులు చెడునా, నిద్ర చెడునా అని వైద్యులను అడుగుట ఒకటి. రోజునకు ఎన్ని నిమిషములు చూపవచ్చునని లెక్క కోరుట మఱియొకటి. రెండును అడుగదగినవే, వాటికి సమాధానములును కలవు. కాని వాటి వెనుక మూడవ ప్రశ్న యొకటి కలదు. మనస్సనునది ఎట్లు మేలుకొనును? మఱియొక మనస్సుతో సంపర్కము లేకుండ, వస్తువులను చూచుటచేతను శబ్దములను వినుటచేతను మాత్రమే అది మేలుకొనగలదా? మేలుకొనగలదనుకొన్నచో, శిశువు ముందు మంచి దృశ్యములను, మంచి పాటలను, మంచి మాటలను అమర్చిపెట్టిన చాలును. ఆ అమరిక తల్లి చేసినను యంత్రము చేసినను ఫలితమొక్కటే. మేలుకొనలేదనుకొన్నచో, ఎంత ఉత్తమమైన దృశ్యమైనను, ఎంత మధురమైన పాటయైనను, తల్లిస్థానమున నిలువజాలదు. ఇది వైద్యుడు తీర్పవలసిన సందేహము కాదు, తత్త్వజిజ్ఞాసువు తీర్చుకొనవలసినది.

తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి ఈ సందేహమునకు అపూర్వమైన రీతిని సమాధానము చెప్పినది. అక్షరముల సంధిని ఉపదేశించుచున్న ఋషి ఆ సంధినే లోకములయందును, జ్యోతిస్సులయందును, విద్యయందును, సంతానమునందును, దేహమునందును భావింపవలెననెను. విద్యావిషయమున ఆచార్యుడు పూర్వరూపము, అంతేవాసి ఉత్తరరూపము, విద్య వారిరువురి సంధి, ప్రవచనము ఆ సంధిని కూర్చునది. విద్య ఆచార్యునియొద్ద ముందే సిద్ధముగానుండి శిష్యునకు చేరవేయబడు పదార్థమని ఋషి చెప్పలేదు. రెండచ్చులు కలిసినపుడు రెంటికిని భిన్నమైన మూడవ స్వరము వినబడునట్లు, ఇరువురు మనుష్యులు ఒకరినొకరు సమీపించినపుడు వారి నడుమ పుట్టునదే విద్యయని ఆయన భావము. ఇది వేదము చదువుకొను వటువును గూర్చి చెప్పిన మాట. శిష్యునకు ఆచార్యుడు దూరమైనపుడు కొంతకాలము గ్రంథమైనను తోడుండును. ఇంకను పలుకు రాని శిశువునకు ఆ తోడును లేదు. తల్లి ముఖమును చదువుటయే దాని అధ్యయనము.

ఇది కేవలము కవిభావన కాదనుటకు ఇటీవలి శిశుమనశ్శాస్త్రము సాక్ష్యమిచ్చుచున్నది. 2003లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాట్రిషియా కుల్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ప్రకటించిన ప్రయోగమును ఇచ్చట కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఆంగ్లము మాత్రమే వినుచు పెరుగుచున్న తొమ్మిది నెలల శిశువులకు, చీనాభాషను మాతృభాషగా గలవారు 12 పర్యాయములు ఎదుట కూర్చుండి పుస్తకములు చదివి వినిపించిరి, బొమ్మలతో ఆడించిరి. అటుపిమ్మట పరీక్షింపగా, ఆంగ్లములో లేని చీనాధ్వనుల భేదమును ఆ శిశువులు, ఆ భాష నడుమనే పుట్టిపెరిగిన శిశువులతో ఇంచుమించు సమానముగా గుర్తింపగలిగిరి. మఱికొందఱు శిశువులకు అవే ముఖములను, అవే మాటలను టీవీలో చూపిరి. ఇంకను కొందఱకు ధ్వనిని మాత్రము వినిపించిరి. వీరికి ఏమియు అబ్బలేదు. చీనాభాషను అసలే విననివారికిని వీరికిని పరీక్షలో భేదము కనబడలేదు. కంటికి తగిలిన రూపమొక్కటే, చెవికి తగిలిన ధ్వని యొక్కటే. శిశువు నవ్వినపుడు తిరిగి నవ్వుటకును, శిశువు చూపు మరలినవైపు తానును మరలుటకును ఎదుట ఒక ప్రాణి లేదు. ఆ యొక్క లోపముచేత తక్కినదంతయు వ్యర్థమైనది.

ఆ ప్రత్యుత్తరము శిశువునకు ఎంతటి ప్రాణావసరమో, 1970 దశకమున ఎడ్వర్డ్ ట్రోనిక్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్త వేఱొక మార్గమున చూపెను. కొన్ని నెలల బిడ్డతో ముచ్చటలాడుచున్న తల్లిని ఆయన, కొద్ది నిమిషములు ముఖమున ఏ భావమును చూపక, నవ్వక, పలుకక, బిడ్డను ఊరక చూచుచుండుమని కోరెను. తల్లి ఎక్కడికిని పోలేదు; ఆమె రూపము ఎదుటనే యున్నది. బిడ్డ మొదట నవ్వును, చేతులు చాచును, కేకలిడును, తల్లిని మరల తనవైపు త్రిప్పుకొనుటకు తనకు తెలిసిన ఉపాయములన్నింటిని ప్రయోగించును, ఏదియు ఫలింపనపుడు ముఖము త్రిప్పుకొని దిగులుపడిపోవును. ఆ నాటికి చేతిఫోనులు లేవు. ఐనను, బిడ్డను ఒడిలో నుంచుకొని తమ చేతిలోని ఫోనులో మునిగియున్న పెద్దవారి ముఖము ఆ బిడ్డకు ఎట్లు కనబడుచుండునో తెలియజెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము నాకు దొరకలేదు. కావుననే తెరలను గూర్చిన విచారము బిడ్డచేతిలోని తెరతో కాక, పెద్దవారి చేతిలోని తెరతో ఆరంభము కావలెనని నా నిశ్చయము. శ్రేష్ఠుడు దేనిని ఆచరించునో ఇతరులు దానినే అనుసరింతురని గీతాచార్యుడు చెప్పిన మాట లోకసంగ్రహమును ఉద్దేశించినది. ఆ లోకము ఇంటిలోనే మొదలగును. ఆ అనుసరించువారిలో పసివాడే మొదటివాడు.

అట్లయినచో దోషము గాజుపలకదా? కాదు. 2014లో ప్రకటితమైన మఱియొక పరిశోధన ఈ సంగతిని నిర్ధారించినది. రెండేండ్లు దాటిన పిల్లలకు కొత్త క్రియాపదములను మూడు విధముల నేర్పజూచిరి: ఎదుట కూర్చుండి మాటలాడుట ఒకటి, వీడియో కాల్‌లో మాటలాడుట రెండవది, ముందే తీసిపెట్టిన వీడియోను చూపుట మూడవది. మొదటి రెండు విధములను పిల్లలు ఆ పదములను నేర్చుకొనిరి. మూడవ విధమున నేర్చుకొనలేదు. అనగా తెనాలిలోని అమ్మమ్మ, డల్లస్‌లోని మనుమనితో ఫోనులో మాటలాడుచు, వాడు చూపిన బొమ్మను చూచి ఆశ్చర్యపడి, దాని పేరేమని అడిగి, వాడు చెప్పువఱకు వేచియుండినపుడు, ఆమె ఆ బిడ్డకు నిజముగనే సన్నిహితురాలై యున్నది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు 2022లో ప్రచురించిన మార్గదర్శకములలో, రెండేండ్లలోపు బిడ్డలకు ఏ తెరయును కూడదని శాసించుచు, బంధువులతో అపుడపుడు మాటలాడు వీడియో కాల్‌ను మాత్రము మినహాయించుటలోని వివేకమిదియే. తెలుగువారి కుటుంబములు ఖండాంతరములకు విస్తరించిన ఈ కాలమున ఆ మినహాయింపు స్వల్పమైనది కాదు. తాతయు నాయనమ్మయు తెలుగున పలుకరింపగా, తెలుగున బదులు చెప్పవలసిన అగత్యము ఆ పసివానికి ఆ కొద్దిసేపే కలుగుచున్నది.

మఱియొక ప్రయోగమును గూడ చెప్పి, శాస్త్రజ్ఞుల మాట చాలించెదను. 1998లో జార్జీన్ ట్రోసెత్, జూడీ డిలోష్ అనువారు రెండేండ్ల పిల్లలకు ప్రక్కగదిలో ఒక బొమ్మను దాచుటను కిటికీలోనుండి చూపిరి. పిల్లలు ఆ గదిలోనికి పోయి బొమ్మను ఇంచుమించు ప్రతిపర్యాయమును కనుగొనిరి. అదే దృశ్యమును టీవీలో చూపినపుడు పెక్కుమాఱులు కనుగొనలేకపోయిరి. తెరమీద కనబడునది ఈ లోకమును గూర్చిన వార్తయే యను ఎఱుక ఆ వయస్సున ఇంకను కుదురుకొనలేదన్నమాట. భగవాన్ రమణ మహర్షి జిజ్ఞాసువులకు సినిమాతెరను తఱచుగా దృష్టాంతముగా చూపుచుండెడివారు: బొమ్మలు వచ్చుచు పోవుచుండును, నిప్పు కనబడినను తెర కాలదు, వఱద కనబడినను తెర తడియదు; ఆత్మయు అట్టిదే యని. ఆ దృష్టాంతము తెరను తెరగా ఎఱిగినవానికే ఉపకరించును. మనము సినిమా చూచి కంటతడి పెట్టినను, ఇది చిత్రమను ఎఱుక అడుగున నిలిచియే యుండును. ఆ ఎఱుకయే మనలను కాపాడుచున్నది. ఏడాదిన్నర బిడ్డకు ద్రష్టయు దృశ్యమును ఇంకను వేఱుపడలేదు. వానికి తెరమీదిది లోకమును కాదు, లోకపు చిత్రమును కాదు. రెంటికిని చెందక, పట్టుకొనబోయిన చేతికి చిక్కక, కదలుచున్న వెలుగు మాత్రమే.

ఇక మనస్సును గూర్చి నైయాయికులు చెప్పిన మాట యొకటి ఈ విచారమున మిక్కిలి ఉపకరించును. మనస్సు అణుపరిమాణము గలదని వారి సిద్ధాంతము. కన్ను తెఱచియున్నను, చెవి నిక్కియున్నను, మనస్సు ఒక క్షణమున ఏ ఇంద్రియముతో కూడునో ఆ జ్ఞానమే కలుగును. పెక్కు జ్ఞానములు ఒక్కసారి పుట్టకపోవుటయే మనస్సు కలదనుటకు లింగమని న్యాయసూత్రకారుడు చెప్పెను. నేటివారు ఆ అణుత్వమును అంగీకరింపనక్కరలేదు; కాని అందలి అనుభవసత్యమును కాదనలేరు. మనస్సు ఇంత సూక్ష్మమైనపుడు, దానిని కదలించుచున్నదెవరను ప్రశ్న చాల పెద్దదగును. తనంతట తాను ఒక వస్తువునందు నిలిచిన మనస్సు వేఱు. కొన్ని క్షణములకొకసారి మారు దృశ్యముచేతను, ఉలికిపడజేయు ధ్వనిచేతను పట్టి లాగబడుచున్న మనస్సు వేఱు. పైకి రెండును ఒక్కటిగనే కనబడును. ఱెప్పవాల్పక తెరను చూచుచున్న బిడ్డను జూపి, ఎంత శ్రద్ధగా చూచుచున్నాడో యని పెద్దవారు మురియుదురు. శ్రద్ధ లోపలినుండి బయలుదేరునది. ఆ బిడ్డ చూపును బంధించినది బయటి వేగము. అది ఆగిన మరుక్షణమున వాని చేతికి ఒక కొయ్యబొమ్మ నిచ్చినచో, దానియందు ఆ చూపు నిమిషమైనను నిలువకపోవుటయే దానికి ప్రమాణము.

కఠోపనిషత్తు శరీరమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును కళ్లెముగను, బుద్ధిని సారథిగను రూపించినది. ఐదేండ్లలోపు బిడ్డయందు గుఱ్ఱములు సిద్ధముగ నున్నవి. సారథి ఇంకను రాలేదు. నిగ్రహమునకు ఆధారమైన మెదడుభాగము నుదుటి వెనుక ఇరువదియేండ్లు దాటువఱకు పరిణతి చెందుచునే యుండునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. విషయములను ధ్యానించువానికి వాటియందు సంగమును, సంగమువలన కామమును, కామమువలన క్రోధమును కలుగునని గీత తెల్పిన క్రమము పెద్దవారియందు ఏండ్లు పట్టవచ్చును. బిడ్డయందు ఒక్క సాయంకాలముననే ముగియును. ఫోనును తీసికొన్నపుడు నేలబడి దొర్లి ఏడ్చు ఆ బిడ్డను మొండివాడని దండించు ఇండ్లు కలవు. అది అన్యాయము. సారథి రాకముందే గుఱ్ఱములను అదలించిన వారము మనము; ఆ వేగమునకు శిక్ష పసివానికి ఏల?

పిల్లల మనస్సు స్వభావముచేతనే చంచలమనియు, తెర కనుక లేకున్నచో అది వేఱొకచోటికి పరుగెత్తుననియు కొందఱు వాదింతురు. ఈ వాదమును ఖండించిన మహనీయురాలు మన సమీపముననే కొన్నియేండ్లు నివసించెను. ఇటలీదేశస్థురాలైన మరియా మాంటిస్సోరీ 1939లో దివ్యజ్ఞానసమాజము వారి ఆహ్వానముపై మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు ఈ దేశముననే గడపి, వందలకొలది ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. ఆమె తన తొలి శిశుగృహమును రోమునగరమున శాన్ లొరెంజో అను పేదలవాడలో 1907 జనవరి 6వ తేదీన తెఱచెను. ఆ తొలిదినములలో ఆమె చూచిన ఒక దృశ్యము ఆమె సిద్ధాంతమునకే పునాది యైనది. ఇంచుమించు మూడేండ్ల బాలిక యొకతె, కొయ్యదిమ్మెకుగల రంధ్రములలో వేర్వేఱు పరిమాణముల గుండ్రని కొయ్యముక్కలను అమర్చుచుండెను. అమర్చుటయు, తీయుటయు, కలిపివేయుటయు, మరల అమర్చుటయు. మాంటిస్సోరీ తక్కిన పిల్లలచేత చుట్టును పాటలు పాడించెను. ఆ బాలికను కుర్చీతోగూడ ఎత్తి బల్లమీద కూర్చుండబెట్టెను. బాలిక తన కొయ్యముక్కలను ఒడిలోనికి తీసికొని, పని మానలేదు. నలుబది పర్యాయములకు మించి అట్లు చేసి, ఎవరును చెప్పకయే ఆపి, సంతృప్తితో చుట్టును చూచెను.

యోగశాస్త్రమున ప్రత్యాహారమనియు ధారణయనియు చెప్పబడు స్థితులకై సాధకులు ఎంతయో శ్రమింతురు. వాటి బీజము మూడేండ్ల పిల్ల చేతులలోనే యున్నదని ఆ దృశ్యము తెలుపుచున్నది. ఏకాగ్రత పిల్లలకు మనము అలవఱుపవలసిన గుణము కాదు, వారితో పుట్టినది. దానికి కావలసినవి చేతికి తగిన వస్తువు, ఆటంకము లేని కాలము, తొందరపెట్టని పెద్దవారు. తెర ఈ మూడింటిలో దేనిని ఇచ్చుచున్నది? వస్తువునకు బదులు వస్తువుల నీడలను ఇచ్చును. ఒక దానియందు నిలువకముందే మఱియొకదానిని చూపి, నిలుకడను తానే భంగపఱచును. బిడ్డ దేనిని పోగొట్టుకొనుచున్నాడో పెద్దవారికి తెలియకపోవుటకు కారణము, పోయినది ఎన్నడును ఇంటిలో కనబడకపోవుటయే.

నాకు ఈ విషయమునందలి రహస్యమంతయు ఖాళీకాలమునందు ఇమిడియున్నట్లు తోచుచున్నది. ఏమియు తోచుటలేదని బిడ్డ గునియగానే తెరను చేతికిచ్చు అలవాటు నేడు బస్సులలో, పెండ్లిపందిళ్లలో, వైద్యుని గుమ్మముముందు సర్వత్ర కనబడుచున్నది. ఆ గునిసిన పిమ్మట మఱి కొంతసేపు ఓర్చుకొన్నచో ఏమగునో తెలిసికొను అవకాశమే మనకు లేకుండ పోయినది. బిడ్డ నేలమీది చీమలబారును చూచును, చాపఈనెను లాగును, ఒక చెప్పును కారుగా నడపును, తనలో తాను మాటలాడుకొనును. ఈశ్వరునకు సృష్టివలన పొందదగిన ప్రయోజనమేదియు లేదు గనుక సృష్టి కేవలము లీలయని బ్రహ్మసూత్రకారుడు చెప్పి, లోకమునందలి క్రీడను దానికి దృష్టాంతముగా చూపెను. ఆటకు ఆటయే ప్రయోజనము. చెప్పును కారుగా నడపు బిడ్డ తాను ఎఱుగకయే ఆ సృష్టికర్తృత్వమున పాలుగొనుచున్నాడు. తెరమీది ఆటకు అట్టి నిష్ప్రయోజనత్వము లేదు. బిడ్డ ఎంతసేపు చూచిన అంత లాభము గడించు వ్యాపారము దాని వెనుక నున్నది. ఒక వీడియో ముగియకముందే మఱియొకటి తనంతట మొదలగునట్లు ఏర్పాటు చేసినది ఆ లాభాపేక్షయే. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, బలవంతముగా ఒకదానిపై నిలుపబడిన ఏకాగ్రతకును, దేనిని వెలివేయక సర్వమును గ్రహించు అవధానమునకును గల భేదమును జీవితాంతము వివరించెను. ఆయన జన్మస్థలమునకు చేరువనే యున్న రిషివ్యాలీ విద్యాలయమున సాయంకాలము పిల్లలు ఒకచోట చేరి, మాటలాడక, సూర్యాస్తమయమును చూచు ఆచారమొకటి కలదు. దానిని పరీక్షలలో కొలుచుట సాధ్యము కాదు. ఐనను విద్యలో అది ప్రధానభాగమని నేను నమ్ముదును.

ఇచ్చట ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. పూర్వము తల్లులు చందమామను చూపి గోరుముద్దలు తినిపింపలేదా? అదియు బిడ్డ దృష్టిని మఱల్చుటయే గదా? ఆక్షేపణ సమంజసమైనదే. కాని చందమామ కదలడు, పాడడు, క్షణక్షణమును మారడు. ఆయనను గూర్చి చెప్పవలసినదంతయు తల్లియే చెప్పవలెను. బిడ్డ వ్రేలెత్తి చూపును, ఆమె చూచును, ముద్ద పెట్టును, నమలువఱకు ఆగును, చాలునని బిడ్డ తల త్రిప్పినపుడు గ్రహించును. తెరను చూచుచు మ్రింగు బిడ్డకు తాను తినుచున్నదేమో, ఆకలి తీరినదో లేదో తెలియదు. ఆకలి తీరిన గుర్తును గమనించు శక్తి మొద్దువాఱును. తైత్తిరీయమునందలి బ్రహ్మవిచారము అన్నమును బ్రహ్మముగా తెలిసికొనుటతో ఆరంభమై, ప్రాణము, మనస్సు, విజ్ఞానము, ఆనందము అను మెట్లెక్కినది. మొదటి మెట్టును నిద్రలోవలె దాటిన బిడ్డ పైమెట్లకు ఎట్లు పోగలడు?

యంత్రమును ద్వేషించుట నా ఉద్దేశము కాదు. తెలుగు పిల్లలకు యంత్రముద్వారా మహోపకారము చేసినవారు మనలోనే కలరు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసు ఆకాశవాణినుండియు, పిమ్మట హైదరాబాదునుండియు పిల్లల కార్యక్రమములను నడపి, రేడియో అన్నయ్యగను రేడియో అక్కయ్యగను తెలుగునాట ప్రఖ్యాతులైరి. 1945లో వారు ‘బాల’ అను పత్రికను గూడ వెలువరించిరి. ఆ కార్యక్రమమున పిల్లలే వచ్చి పాడిరి, ఆడిరి, నాటకములాడిరి. విన్న పిల్లలు తమ యూళ్లలో బాలానందసంఘములుగా ఏర్పడిరి. యంత్రము అక్కడ పిల్లలను ఒకచోట చేర్చినది. 1947 జులైలో మొదలైన ‘చందమామ’యు ఎన్నో ఇండ్లలో పెద్దలు చదువగా పిల్లలు విన్న పత్రికయే. నేటి తెరను గూడ ఈ గీటుఱాతిమీదనే పరీక్షింపవలెను. ఇది బిడ్డను మనుష్యులవైపు నడుపుచున్నదా, మనుష్యులనుండి తొలగించుచున్నదా?

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చేసిన సూచనలు అందఱకు తెలియదగినవి. ఏడాదిలోపు శిశువులకు తెర కూడదు. ఏడాది నిండిన బిడ్డకును సిఫారసు చేయలేదు. రెండు మొదలు నాలుగేండ్లవారికి రోజునకు ఒక గంటకు మింపరాదు, తక్కువైనచో మఱియు మేలు. మూడు, నాలుగేండ్ల పిల్లలకు రోజునకు 180 నిమిషములకు తక్కువగాకుండ శరీరపు కదలికయు, 10 మొదలు 13 గంటల నిద్రయు ఉండవలెననిరి. ఇవి ఆచరింపదగిన హద్దులే. కాని ఈ హద్దులను ఒంటరితల్లి ముఖమున విసరివేయుట ధర్మము కాదు. నగరములకు వలసవచ్చి, భర్త పనికి పోగా నాలుగుగోడల నడుమ వంటయు, బట్టలుదుకుటయు, చంటిబిడ్డయు ఒక్క చేతిమీద నడపు యువతి, అరగంట ఊపిరి తీసికొనుటకై ఫోనును బిడ్డచేతికిచ్చినచో, ఆమెను దోషియనుటకు నాకు నోరాడదు. ఆ అరగంట ఒకప్పుడు అత్తయో, ఆడబిడ్డయో, పొరుగింటి పిన్నిగారో ఆమెకు ఇచ్చెడివారు. మనుష్యుడు ఋణములతో పుట్టుననియు, పితృఋణము సంతానముచే తీరుననియు వేదము చెప్పినది. కనుటతోనే ఆ ఋణము తీరిపోవునని నేను తలంపను. పుట్టిన బిడ్డ పిలిచినపుడు పలుకువారుండుట గూడ ఆ ఋణములోనిదే. అది తల్లి ఒక్కతె తీర్చునది కాదు, తండ్రిదియు, తాతలదియు, వీధిదియు, ప్రభుత్వముదియు. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముచే వెలసిన అంగన్‌వాడీలలో, ఇరువదిమంది పిల్లలను చుట్టును కూర్చుండబెట్టుకొని అభినయముతో పాట పాడించు కార్యకర్త ఆ ఋణమును మనందఱి పక్షమున తీర్చుచున్నది. ఆమె వేతనమును, ఆ కేంద్రపు నీడను, పిల్లల ఆటవస్తువులను గూర్చి మనము చూపు శ్రద్ధ, తెరలను నిందించుటకంటె బిడ్డలకు ఎక్కువ మేలు చేయును.

కఠోపనిషత్తులోని నచికేతుని కథలో సాధారణముగా అందఱు యముడు చూపిన భోగములను ఆ బాలుడు త్రోసివేయుటనే మెచ్చుకొందురు. నాకు అంతకుముందటి ఘట్టము ఎక్కువ గంభీరముగ తోచును. యముని ఇంటిముంగిట ఆ బాలుడు మూడురాత్రులు ఎవరును పలుకరింపకుండ, అన్నము లేకుండ నిరీక్షించెను. తిరిగివచ్చిన మృత్యుదేవుడు మొట్టమొదట చేసిన పని, ఆ మూడురాత్రుల ఉపేక్షకు నొచ్చుకొని, నమస్కరించి, రాత్రికొక్కటి చొప్పున మూడు వరములనొసగుట. బాలుని నిరీక్షింపజేయుట ఋణమని యముడే అంగీకరించెను. భోగములతో మఱపింపజూచుట ఆ తరువాతి మాట; బాలుడు వాటిని కాదని తన ప్రశ్ననే పట్టుకొనినపుడు, యముడు సంతోషించి సంపూర్ణముగా సమాధానము చెప్పెను.

రెండేండ్లు దాటిన బిడ్డకు తెరను చూపవలసినపుడు ప్రక్కన కూర్చుండుట, ఆదియు అంతమును గల చిన్నకథను ఎన్నుకొనుట, నడుమ ఆపి తరువాత ఏమగునని అడుగుట, ముగిసిన పిమ్మట తెరను బిడ్డచేతనే ఆపించుట, అందులో చూచిన ఏనుగును మట్టితోనో బలపముతోనో చేయించుట, ఇవి సారథిని మెల్లగా రథముమీదకు పిలుచు పనులు. భోజనమువేళను, పడుకొనుటకు ముందు గంటను ఇంటిలో ఎవరిచేతను ఫోను లేకుండుట గూడ అట్టిదే. ఈ నియమము బిడ్డకొక్కనికే పెట్టినచో నిలువదు. నాలుగైదేండ్లు వచ్చుసరికి బిడ్డ, ఇది ఎందులకు చూడరాదు, నీవేల చూచుచున్నావు అని నిలదీయును. దయ్యము వచ్చుననియో, కన్నులు ఊడిపోవుననియో బెదరించుట అప్పుడు తగదు. ఈ బొమ్మలు చేసినవారు నీవు లేవకుండ కూర్చుండవలెనని కోరుదురనియు, లేచి ఆడుకొనుట నీకు కావలెననియు, నాకును ఆపుట కష్టముగనే యున్నదనియు, ఇద్దరము కలిసి ఆపుదమనియు వానికి అర్థమగు మాటలలో నిజము చెప్పవచ్చును. వాడు మరల ప్రశ్నించినచో, మరల చెప్పవచ్చును.